మేయరుగారి ఆరో వేలు

4వ తేదీ, సోమవారం

నేను చెప్తాను, కోడలు రాస్తుంది. చెప్పింది చెప్పినట్టు రాయాలి, మధ్యలో సొంత తెలివి కలపకూడదు అని ముందే మాట తీసుకున్నాను. నాకు చదువు రాదు. నోరుంది, జ్ఞాపకం ఉంది. కోడలికి ఆస్పత్రిలో చీటీలు రాసే ఉద్యోగం కాబట్టి చెయ్యి ఉంది. ఈ పుస్తకం నా దిండు కింద ఉంటుంది. ఎవరూ చదవకూడదు. మా అబ్బాయి బస్సు డ్యూటీ దిగి వచ్చి ఏమిటది అని అడిగితే అమ్మ మందుల జాబితా అని చెప్పాలి.

సంగతి ఇది. నిన్న వారపత్రికలో ‘మీకు తెలుసా?’ అనే మూలలో ఒక ముక్క పడింది. కోడలు చదివి వినిపించింది. “మన ఊరి పాత మేయరుగారి ఎడమ కాలికి ఆరు వేళ్ళుండేవని మీకు తెలుసా?”

నాకు తెలుసు. మేయరుకి లేవు. మా ఆయనకి ఉన్నాయి.

నాలుగు రోడ్ల కూడలిలో మేయరుగారి రాతి విగ్రహం నలభై మూడేళ్ళుగా నిలబడి ఉంది. చుట్టూ నిలువెత్తు పొదలుండేవి. ఈ నెల ఇరవై ఎనిమిదిన ఆయన నూట ఏడో పుట్టినరోజట. నూరోది మర్చిపోయారట, అందుకని ఇప్పుడు చేస్తున్నారు. దానికోసం పొదలు కొట్టించారు. కాళ్ళు బయటపడ్డాయి. ఎవడో పనిలేనివాడు వేళ్ళు లెక్కపెట్టాడు.

ఆ కాళ్ళు మా ఆయనవి. మేయరుగారు పోయాక విగ్రహం చెక్కడానికి శిల్పి వస్తే, మునిసిపాలిటీలో ఉన్న ఫోటోలన్నిటిలోనూ మేయరు బల్ల వెనకాలే కూర్చుని ఉన్నాడు. బల్ల కింద ఆయనకి కాళ్ళున్నాయో లేవో కూడా ఫోటో చెప్పదు. శిల్పి బజారులోకి వచ్చి, గిడ్డంగి దగ్గర మూటలు మోసేవాళ్ళందరినీ ఎగాదిగా చూసి, మా ఆయన్ని పట్టుకుపోయాడు. అదే ఎత్తు, అదే పొట్ట అన్నాడట. పదకొండు రోజులు నిలబెట్టాడు. బూట్లు చెక్కితే తన పనితనం ఎవరికి కనపడుతుందని కోటు కింద చెప్పులు చెక్కాడు. ఎదురుగా ఆరు వేళ్ళుంటే ఆరూ దింపాడు. శిల్పికి కళ్ళున్నాయి కానీ బుర్ర లేదు.

మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఫోటో లేదు. ఫోటో అంటేనే పారిపోయేవాడు. ఉన్న ఒక్కటీ అబ్బాయి పెళ్ళిలోది. అందులో మా ఆయన మొహానికి అడ్డంగా కోడలి నాన్నగారి తల ఉంది. ఇది కూడా రాయి. రాస్తున్నావా? ఆ తల గుమ్మడికాయంత ఉంటుందని కూడా రాయి.

5వ తేదీ, మంగళవారం

‘మీకు తెలుసా’ మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడు జనం మర్చిపోయిన పెద్దమనుషుల గురించి ఎవరికీ అక్కర్లేని సంగతులు ఏరుకుంటూ ఉంటాడు. ఇంట్లో కుర్చీ మీద కాగితాలు, మంచం మీద కాగితాలు. నేను నిలబడే మాట్లాడాను. నాకదే అలవాటు.

“మాస్టారూ, ఆ వేలు మేయరుది కాదు. మా ఆయనది.”

“కూర్చోండి పెద్దమ్మగారూ.”

“ఎక్కడ?”

ఆయన నలుమూలలా చూసి, కూర్చోమనడం మానేశాడు. “విగ్రహం మీద ఉన్నది చూసి రాశాను. రాతిని మించిన సాక్ష్యం ఏముంటుంది చెప్పండి. పదకొండేళ్ళుగా రాస్తున్నాను, ఒక్క అబద్ధం రాయలేదు.”

అని తన నోటు పుస్తకం తీసి మొదలుపెట్టాడు. ఈయనకన్నా ముందున్న మేయరుకి కోళ్ళంటే భయమట. ఊరేగింపు వెళ్ళే దారిలో కోళ్ళన్నిటినీ బుట్టల కింద మూయించేవాడట. ఒక మంత్రి రిబ్బను కత్తిరించడానికి వస్తే కత్తెర మర్చిపోయారట, పళ్ళతో కొరికాడట, చప్పట్లు కొట్టారట. ఆ తర్వాత కత్తెర ఇచ్చినా తీసుకునేవాడు కాదట. ఒక కౌన్సిలరు పంతొమ్మిదేళ్ళు సభ్యుడిగా ఉండి ఒక్కసారే నోరు విప్పాడట, తన గొడుగు ఎవరు పట్టుకుపోయారని అడగడానికి. ఒకావిడ చాలా పొడుగట, పార్కులో బెంచీలన్నీ తన కొలతకే చేయించిందట.

ఆ బెంచీలు నాకు తెలుసు. ఇప్పటికీ కూర్చుంటే నా కాళ్ళు గాల్లో వేలాడతాయి. ఎవరు చేయించారా అని ముప్పై ఏళ్ళుగా తిట్టుకుంటున్నాను. మనిషి దొరికింది, అదొక్కటీ లాభం.

“సాక్ష్యం తెండి పెద్దమ్మగారూ, వచ్చే వారమే సవరణ వేస్తాను,” అన్నాడు.

తెస్తాను. నేను ఊరుకునే మనిషినా?

8వ తేదీ, శుక్రవారం

మూడు రోజులు ఇల్లంతా తిరగేశాను. కోడలు నోరెత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో తెలుసు. అటకమీద రేకు పెట్టెలో దొరికింది, మా ఆయన ఎడమకాలి చెప్పు. ఆరో వేలికోసం పక్కన తోలు కోసి, అంచు మడిచి తనే కుట్టుకున్నాడు. ఊళ్ళో అలాంటి చెప్పు ఇంకోటి ఉండదు.

11వ తేదీ, సోమవారం

మాస్టారిని వెంటబెట్టుకుని కూడలికి వెళ్ళాను. విగ్రహం దిమ్మె నా రొమ్ముదాకా ఉంటుంది. మాస్టారు కింద నుంచి తోశాడు, నేను ఎక్కాను. డెబ్భై ఆరేళ్ళ మనిషిని ఎలా తోయాలో కూడా ఆయనకి తెలియదు.

చెప్పు తీసి రాతి పాదం పక్కన పెట్టేసరికి ట్రాఫిక్ పోలీసు ఈల వేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

“మామ్మగారూ! దిగండి! మేయరుగారి మీదికి చెప్పెత్తుతారా?”

“ఎత్తట్లేదు నాయనా, కొలుస్తున్నాను.”

“ఏం కొలుస్తున్నారు?”

“నీకెందుకు, నువ్వు బళ్ళు చూసుకో. అటు లారీ ఆగిపోయింది.”

లారీయే కాదు, నాలుగు వైపులా ఆగిపోయింది. అందరూ దిగి చూస్తున్నారు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. మడమ దగ్గర మడమ, బొటనవేలి దగ్గర బొటనవేలు, పక్కన కోసిన చోట సరిగ్గా ఆరో వేలు. మాస్టారి మొహం పాలిపోయింది. “తప్పు రాశాను పెద్దమ్మగారూ. ఆదివారం సవరిస్తాను. మీవారి గురించి పెద్దగా రాస్తాను,” అన్నాడు.

గెలిచాను. పెద్దక్షరాలతో రాయి. గెలిచాను.

ఒకటి స్పష్టంగా రాయాలి. విగ్రహం దగ్గరికి నేను రోజూ వెళ్తానని వీధిలో అనుకుంటారు. మార్కెట్‌కి దారి అటే కాబట్టి వెళ్తాను, అంతే. పావురాలు పాడుచేస్తుంటాయి, తుడిచేవాళ్ళు లేరు కాబట్టి కొంగుతో తుడుస్తాను. రాయి అన్నాక శుభ్రంగా ఉండాలి. బెంగా గింగా ఏం లేదు నాకు.

మార్కెట్ ఇటు కదా అత్తయ్యా అంటోంది కోడలు. రాయమన్నది రాయి.

13వ తేదీ, బుధవారం

మేయరుగారి మనవరాలు ఊళ్ళోకి దిగింది. యాభై ఏడేళ్ళ మనిషి, నల్ల కళ్ళద్దాలు, నడకలో ఊరంతా తన వాటాకి వచ్చినట్టు ఉంటుంది. విగ్రహం దగ్గర మునిసిపాలిటీ ఇంజినీరుని నిలబెట్టి ఉతికి ఆరేసింది. నేను పక్కనే ఉన్నాను. తుడుస్తున్నాను.

“మా తాతయ్యకి పది వేళ్ళు. నిండుగా, అందంగా పది. ఈ పదకొండోది ఎక్కడిది? నన్ను బడిపిల్లలు కూడా ఆరువేళ్ళ మనవరాలు అంటున్నారండీ!”

“పదకొండోది కాదు మేడమ్, ఎడమ కాలికి ఆరోది,” అన్నాడు ఇంజినీరు.

“నాకు లెక్కలు చెప్పకండి. పుట్టినరోజులోపు చెక్కేయించండి.”

ఇంజినీరు టేపు తీసి వేలిని కొలిచాడు. కాగితం మీద రాసుకున్నాడు. వచ్చే గురువారం మేస్త్రి ఉలి తీసుకుని వస్తాడట.

ఇంటికొచ్చాను. అన్నం తినలేదు. ఆకలి లేక.

14వ తేదీ, గురువారం

పొద్దున్నే మునిసిపాలిటీకి వెళ్ళి ఆ వేలు మా ఆయనదని చెప్పి, చెప్పు చూపించి, తాడోపేడో తేల్చుకుందామని బయల్దేరాను. గుమ్మంలో కోడలు అడ్డం నిలబడింది. పదహారేళ్ళలో మొదటిసారి.

“అత్తయ్యా, ఒక్క మాట. అది మామయ్య వేలని మీరు రుజువు చేశారనుకోండి. అప్పుడేమవుతుంది?”

“ఏమవుతుంది, నిజం తెలుస్తుంది.”

“తెలిసి? మేయరుగారి విగ్రహానికి మూటలు మోసేవాడి వేలు ఎందుకని వచ్చే గురువారం దాకా కూడా ఆగరు, ఇవాళే కొట్టేస్తారు. వేలు ఉండాలంటే అది మేయరుగారిదే అయ్యుండాలి.”

నేను గడపమీద కూలబడ్డాను. కోడలు ఆస్పత్రికి సెలవు పెట్టి పక్కన కూర్చుంది. తెలివైనదే. ఇది రాయకు. రాసేశావా?

15వ తేదీ, శుక్రవారం

మాస్టారి ఇంటికి పరుగెత్తాను. నన్ను చూడగానే కాగితం ఊపుతూ వచ్చాడు.

“రాసేశాను పెద్దమ్మగారూ! మీవారి గురించి పేజీన్నర! వింటారా?”

“చించెయ్యండి.”

“ఏంటీ?”

“వేలు మేయరుదే. నేను పొరపాటుపడ్డాను. ముసలిదాన్ని.”

“మరి ఆ చెప్పు?”

“ఏ చెప్పు?”

మాస్టారు పదకొండేళ్ళ నిజాయితీ గురించి ఉపన్యాసం ఇచ్చాడు. నేను మంచంమీద కాగితాలు పక్కకి తోసి కూర్చున్నాను. గురువారం, మేస్త్రి, ఉలి, అన్నీ చెప్పాను. మా ఆయనకి ఫోటో లేదని కూడా చెప్పాను. చెప్పాలనుకోలేదు, నోరు జారింది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, “నేను అబద్ధం రాయలేను పెద్దమ్మగారూ. కానీ ఎవరైనా నిండు సభలో ఒకటి చెబితే, ఫలానావారు ఇలా చెప్పారు అని రాయొచ్చు. అది నిజమే అవుతుంది. చెప్పారు కదా,” అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “ఇన్నేళ్ళలో నాకు ఒక్క ఉత్తరం రాలేదు. ఆ వేలు రాశాక నలభై రెండు వచ్చాయి,” అన్నాడు.

పేజీన్నర చించాడు. చించేముందు ఒకసారి చదివి వినిపించమన్నాను. బాగా రాశాడు.

20వ తేదీ, బుధవారం

వేలు గురించి ఊరు రెండుగా చీలిపోయిందని మునిసిపాలిటీ హాల్లో సమావేశం పెట్టారు. గోడనిండా పాత మేయర్ల ఫోటోలు. అందరూ బల్లల వెనకాలే. ఇంజినీరు లేచి అడిగాడు.

“మేయరుగారి వట్టి పాదాలు కళ్ళారా చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

మనవరాలు, “నేనున్నాను కదా,” అంది.

“మీరు చూశారా మేడమ్?”

“అంటే... ఇంట్లో కూడా మేజోళ్ళు వేసుకునేవారు. కానీ పదే. మా కుటుంబంలో అందరికీ పదే.”

నేను లేచాను. “నేను చూశాను.”

కోడలు నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఉంది. లాగడానికి కాదు, పడిపోకుండా.

“ఎప్పుడు చూశారు?”

“నాకు ఇరవై ఏళ్ళప్పుడు. బజారు వెనక పెద్ద కాలువ తవ్వించారు కదా, దాని ప్రారంభం రోజు. మేయరుగారు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, కాలవలో పడ్డారు.”

మనవరాలి మొహం మాడిపోయింది. ఇది పనికిరాదని నాకు అర్థమైంది.

“పడ్డారని చూసినవాళ్ళు అనుకున్నారు,” అన్నాను వెంటనే. “నేను దగ్గర్లో ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. పడలేదు, దిగారు. పనివాళ్ళు లోతు చూసి భయపడుతుంటే, జనం కోసం తవ్వింది ముందు నేనే దిగి చూస్తానని దిగారు. నడుందాకా బురద. ఎక్కేటప్పుడు ఒక బూటు, ఒక మేజోడు లోపలే ఉండిపోయాయి. నేను బిందెతో నీళ్ళు పోసి కాలు కడిగాను. ఎడమ కాలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు.”

ఇంతలో వెనక వరసలో రిటైరైన పోస్టుమాన్ లేచాడు.

“నేనూ ఉన్నానండీ అక్కడ! రెండో చెయ్యి పట్టుకుని లాగింది నేనే!”

నేను వాడివైపు చూశాను. వాడి కళ్ళల్లో నిజంగా నీళ్ళు తిరుగుతున్నాయి. అప్పటికి వాడికి అయిదేళ్ళు కూడా ఉండవు. మేయరుని లాగాడట.

ఇంకో ఆవిడ లేచి ఆ బూటు తన అత్తగారికి దొరికిందంది. అందులో మొక్క పెంచారట. మూడో మనిషి లేచి ఆ రోజు వానపడిందన్నాడు. పోస్టుమాన్ లేదు, ఎండ అన్నాడు. ఇద్దరూ కొట్టుకునేదాకా వెళ్ళారు. జరగని రోజు ఎండా వానా అని! ఇంజినీరు బల్ల మీద గుద్దాడు.

అప్పుడు మేయరుగారి మనవరాలు నల్ల కళ్ళద్దాలు తీసింది. “అందుకా,” అంది మెల్లగా. “అందుకా తాతయ్య ఎప్పుడూ మేజోళ్ళు విప్పేవారు కాదు. పడుకునేటప్పుడు కూడా. ఎందుకు తాతయ్యా అని అడిగితే నవ్వేసేవారు.” వెక్కి వెక్కి ఏడ్చింది. “నాకు కూడా చూపించలేదు.”

ఆవిణ్ణి చూస్తే జాలేసింది. పాపం ఆ మేయరుకి కాళ్ళు చల్లబడేవో ఏమో, నాకేం తెలుసు? దగ్గరికెళ్ళి భుజం తట్టాను. “చాలా అందమైన వేలమ్మా,” అన్నాను. ఆ ఒక్క ముక్కా నిజం.

మాస్టారు చివరి కుర్చీలో కూర్చుని తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు. కలం ఆగట్లేదు.

21వ తేదీ, గురువారం

మేస్త్రి రాలేదు. వేలు ఉంది.

24వ తేదీ, ఆదివారం

‘మీకు తెలుసా?’లో కాలువ కథ వచ్చింది. “అని ఒక పెద్దావిడ నిండు సభలో చెప్పారు” అని చివర ఉంది. మాస్టారు మాట నిలబెట్టుకున్నాడు. దిమ్మె మీద కొత్త పలక పెడతారట. ప్రజల కోసం కాలువలో దిగిన పాదం అని చెక్కిస్తారట. ఖర్చంతా మనవరాలిదే.

మా ఆయన మూటలు మోసిన పాదం. జీవితంలో కాలువ దాటాలన్నా చుట్టూ తిరిగి వంతెన మీద నుంచి వచ్చేవాడు.

సరేలే. ఉంది కదా.

25వ తేదీ, సోమవారం

ఇవాళ బడిపిల్లల్ని వరసగా విగ్రహం దగ్గరికి తీసుకొచ్చారు. నలభైమంది. నేను తుడుస్తూ దొరికిపోయాను. టీచరమ్మ, “మామ్మగారూ, మీ నోటితో పిల్లలకి చెప్పండి,” అంది. చెప్పాను. ఈసారి బురద రంగు కూడా చెప్పాను. మేజోడుకి చిల్లు ఉందని చెప్పాను. పిల్లలు పకపకా నవ్వి, వేళ్ళు లెక్కపెట్టి, ఆరు ఆరు అని కేకలు పెట్టారు.

ఇంటికి వస్తూ మా ఆయన కాలు గుర్తుచేసుకోబోయాను. మూట దించి వచ్చి గుమ్మంలో కడుక్కునే కాలు. రాలేదు. కాలవలోంచి మేయరు కాలు వచ్చింది. బురదతో, మేజోడుతో. నేను కల్పించిందే నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది, నిజంగా చూసింది చెదిరిపోతోంది. పోస్టుమాన్ లేనిది ఉన్నట్టు నమ్మేశాడని లోపల నవ్వుకున్నాను కదా.

కోడల్ని ఆస్పత్రి నుంచి రాగానే కూర్చోబెట్టాను. చెప్పులు విప్పమనలేదు, నీళ్ళు తాగమనలేదు. రాయి. త్వరగా రాయి. ఇది ఎవరికీ చెప్పడానికి కాదు, నాకోసం. రేపు నేను తప్పుగా చెబితే నువ్వు ఇది తీసి నాకే చదివి వినిపించాలి.

మడమలు పగిలి ఉండేవి. చలిరోజుల్లో దుప్పటి దారాలు వాటికి తగులుకుని లాగేవి. బొటనవేలి గోరు నల్లగా ఉండేది, మూట పడి. రెండోవేలు బొటనవేలికన్నా పొడుగు. ఆరోది చిటికెన వేలి పక్కన బుల్లిగా, గుండ్రంగా, గోరు ఉండీ లేనట్టు. చక్కిలిగింత అంతా అందులోనే. ఇంకోటి ఉంది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, ఆయనకి కూడా.

మా ఆయన అబద్ధమాడితే ఆ వేలు దానంతటదే కదిలేది. ఎక్కడికెళ్ళావు అంటే ఎక్కడికీ లేదు అనేవాడు, వేలు ఆడేది. వంట బాగుందా అంటే అద్భుతం అనేవాడు, వేలు ఆడేది. పెళ్ళైన నెలకే కనిపెట్టాను. అందుకే ఆయనతో మాట్లాడినన్నాళ్ళూ తల వంచుకుని ఆయన కాలి వైపే చూస్తూ మాట్లాడాను. నాకు సిగ్గెక్కువని ఆయన అనుకున్నాడు. వీధి వీధంతా అనుకుంది. నాకు! సిగ్గు!

కోడలు నవ్వు ఆపుకోలేక కలం కింద పడేసింది. తీసుకో. అయిపోలేదు.

ఇవాళ ఆ నలభైమంది పిల్లల ముందు, ఆ కాలు పక్కనే నిలబడి, నా జన్మలో ఆడనంత పెద్ద అబద్ధం ఆడాను. ఆడుతూ ఆడుతూ అలవాటుకొద్దీ కిందికి చూశాను.

వేలు కదల్లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి, నాకోసం బిగబట్టుకున్నాడు.